సోంపేట సభ్యుడు

మన శాసనసభల చరిత్రను గూర్చి ప్రసంగించువారు సాధారణముగా ముఖ్యమంత్రులను గూర్చియే ప్రసంగింతురు. రాజధానులు, మంత్రివర్గములు, ఒడంబడికలు, తగవులు, ఇవియే ఆ చరిత్రయందు పెద్దపీట వేసికొని కూర్చుండును. కాని శాసనసభ యనగా మంత్రులు మాత్రమే కారు గదా! ఎక్కడనో ఒక మారుమూల తాలూకానుండి ఓట్లు పొంది, రైలుబండిలో వందల మైళ్లు ప్రయాణము చేసి వచ్చి, వెనుక వరుసలో కూర్చుండు సభ్యుడే సభకు పునాది. అట్టి సభ్యునికి ఎప్పుడో యొకప్పుడు ఒక చిక్కు ఎదురుకాక తప్పదు. తన్ను పెంచిన సిద్ధాంతము ఒకటి చెప్పును. తన్ను పంపిన ఊరివారి కడుపు మఱియొకటి చెప్పును. అప్పు డాతడు ఏ ప్రక్కకు చేయి యెత్తవలెను? ఈ ప్రశ్నను పుస్తకములలో గాక తన బ్రతుకులో ఎదుర్కొన్న ఒక సభ్యుని గూర్చి నేడు ముచ్చటింప దలచితిమి. ఆయన సర్దార్ గౌతు లచ్చన్నగారు.

ఆంధ్రదేశపు పటమున ఈశాన్యపు కొసకు చూపు సారింపుడు. తూర్పుకనుమలకును బంగాళాఖాతమునకును నడుమ సన్నని నేలపట్టి యొకటి కలదు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండిన ఆ భాగమును అచ్చటివారు ఉద్దానమని పిలుతురు. ఉద్యానమను మాటయే వాడుకలో అట్లు మాఱినదని పెద్ద లందురు. ఆ తోటల నడుమను, చెఱువుగట్ల మీదను తాటిచెట్లు. సముద్రపుటొడ్డున బారువ; లోపలికి సోంపేట, మందస, పలాస. తెలుగును ఒడియాయు ఒక్క సంతలోనే వినబడును. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువఱకు ఈ భూమి గంజాము జిల్లాలోనిది. పిమ్మట విశాఖపట్టణము జిల్లాలో చేరెను. 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడగా అందులోనికి వచ్చెను. ఇల్లు కదలకయే మూడు జిల్లాలలో కాపురము చేసిన జనమన్నమాట!

ఆ బారువ గ్రామముననే 1909 ఆగస్టు 16వ తేదీన లచ్చన్నగారు జన్మించిరి. వారిది కల్లుగీత వృత్తిగా గల కుటుంబము. ఈ ఒక్క సంగతిని మనస్సునం దుంచుకొనినగాని వారి రాజకీయ జీవితము అర్థము కాదు. కావున ఆ వృత్తిని గూర్చి కొంత చెప్పుట అవసరము. రేడియో పెట్టె యింట నున్నవారిలో అధికులు తాటిచెట్టును రైలు కిటికీనుండి చూచినవారే.

గీతవాడు తెల్లవాఱకముందే బయలుదేఱవలెను. నడుమునకు మోకు, మొలకు కత్తి, చేత ముంతలు. కొమ్మ యొకటియైన లేని నిలువుచెట్టును మోకు ఆధారముగా, పాదములతో తన్నిపట్టి ఎక్కవలెను. పైన మట్టల నడుమ గెలకొనను కత్తితో పలుచగా చెక్కి, ముంత తగిలించి దిగవలెను. సాయంకాలము మఱల ఎక్కవలెను. చెక్కుట మానినచో గాయము ఎండిపోయి చెట్టు పాఱుట మానును. కావున ఆ కాలమున గీతవానికి పండుగ లేదు, జ్వరము లేదు. చెట్టుకు చెల్లింపవలసిన పన్ను, యజమానికి ఈయవలసిన పాలు ముందుగనే అప్పుచేసి చెల్లించియుండును. కాలు జాఱెనా, ఆ అప్పు భార్యాబిడ్డలకు మిగులును. ఇంతకును వాడు దింపిన కల్లు వాడు త్రాగుటకు కాదు, అమ్ముటకు.

అట్టి కుటుంబమున బుట్టిన బాలునికి గాంధీజీ పిలుపు వినవచ్చెను. చదువు మధ్యలోనే ఆపి స్వరాజ్యోద్యమమున దుమికిరి. 1930 నాటి ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెఱసాలకు పోయిరి. సముద్రపు గాలికి పెరిగినవారికి ఉప్పుమీది పన్ను ఎట్టిదో ఒకరు చెప్పవలసిన పని లేదు. కాని ఆనాటి కాంగ్రెసు కార్యక్రమమున విదేశీ వస్త్ర బహిష్కారముతోబాటు కల్లుదుకాణముల పికెటింగు గూడ ముఖ్యమైన భాగము. గీతకుటుంబమునుండి వచ్చిన యువకుడు ఆ జెండాక్రింద నిలిచెను. ఇందులోని చిక్కు అప్పటికి బయటపడలేదు; దేశమునకు స్వరాజ్యమువచ్చిన పిదప గాని బయటపడదు.

ఈలోపల వారికి మఱియొక పని దొరకెను. ఆ ప్రాంత మంతయు జమీందారీల మయము. మందస, టెక్కలి, పర్లాకిమిడి, ఎచ్చట చూచినను శిస్తుల బరువు, అడవినుండి కట్టెపుల్ల తెచ్చుకొనుటకు ఆంక్షలు. ఆచార్య ఎన్.జి. రంగాగారు నడిపిన రైతు ఉద్యమమునందు లచ్చన్నగారు చేరి, ఆయనను గురువుగా నెంచిరి. ఆ బంధము జీవితాంతము తెగలేదు. 1937లో రాజాజీ మదరాసు ప్రధానమంత్రి కాగా, రెవెన్యూమంత్రి ప్రకాశం పంతులుగారు జమీందారీ విచారణసంఘమునకు అధ్యక్షత వహించి, భూమికి నిజమైన హక్కుదారు రైతే యని 1938లో నివేదిక సమర్పించిరి. పంతులుగారి పేరును ఇచ్చట పాఠకులు గుర్తుంచుకొనవలెను. నివేదిక కాగితమున నుండగనే 1940లో మందస జమీనునందు అడవిహక్కులకై లేచిన రైతులపై పోలీసులు కాల్పులు జరిపిరి. సాసుమాన గున్నమ్మ యను రైతుస్త్రీ ఆ కాల్పులలో నేలకొఱిగెను. వీర గున్నమ్మయని ఉద్దానము ఆమెను నేటికిని తలచుకొనుచున్నది. జమీందారీల రద్దుచట్టము 1948లో గాని రాలేదు. ఈ పోరాటములలోనే లచ్చన్నగారికి సర్దార్ అను పేరు ప్రజలనోట స్థిరపడెను.

ఇక మద్యనిషేధము సంగతి. రాజాజీ 1937 అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో దానిని ప్రారంభించిరి. మఱుసటి యేడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసిరి. యుద్ధకాలమున ఆగిపోయిన ఆ కార్యము స్వాతంత్ర్యానంతరము మఱల సాగి, 1948 అక్టోబరు 2వ తేదీనాటికి మదరాసు రాష్ట్రమంతటికిని వ్యాపించెను. గాంధీజీ పుట్టినదినమున ఆయన కోరిక నెఱవేఱినదని పట్టణములలో సంతోషించిరి. ఆ సంతోషము అకారణమని మేము చెప్పజాలము. కూలిడబ్బు దుకాణముపాలు కాకుండ ఇంటికి చేరినచో ఆ యింటి యిల్లాలికి కలుగు ఊఱట ఎట్టిదో ఎఱుగనిదెవరు? తరువాతి కాలమున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ప్రారంభించిన సారా వ్యతిరేకోద్యమము, దాని ఫలితముగా 1993లో వచ్చిన సారా నిషేధము ఈ విషయమునే మఱల చాటిచెప్పినవి.

కాని ఆ చట్టము తాటిచెట్టు క్రింద ఎట్లు నడిచెనో చూడవలసి యున్నది. చెట్టునుండి దిగు రసము తొలుత తియ్యనిది. దానినే నీరా యందురు. ప్రొద్దెక్కినకొలది అది తనంతట తానే పులిసి కల్లగును. ముంత లోపలిభాగమునకు సున్నము పూసినచో పులియదు. కావున సున్నపుముంతతో రసము దింపి తాటిబెల్లము వండుకొనవచ్చును, దానికి లైసెన్సు పొందవలెను అని ప్రభుత్వము దారి చూపెను. చూచుటకు బాగుగనే యున్నది. అయితే బెల్లము వండుటకు కట్టెలు కావలెను, పెనము కావలెను, రోజంతయు కాగబెట్టు మనిషి కావలెను. ఇన్నియు సమకూర్చుకొనినను చెఱకుబెల్లముతో సంతలో పోటీపడవలెను. అన్నిటికంటె మించి, సున్నము పలుచబడినచో ఆ ముంతలోనిదే నేరమగును. ఒక వేలెడు సున్నపుపూతపై నిలిచిన న్యాయమది! సున్నము చాలినదో లేదో నిర్ణయించువాడు చెట్టుక్రింద నిలుచున్న పోలీసు. లంచమునకును, కేసులకును ఇంతకంటె విశాలమైన వాకిలి ఎవరు కట్టగలరు? మఱియొక వైపున దొంగసారా కాచువాడు ధనికుడగుచుండెను. చెట్టెక్కుటకు నేర్చినవాడు మాత్రము క్రింద నిలిచి తలవంచుకొనెను.

1952 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలనాటికి రంగాగారు కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించియుండిరి. లచ్చన్నగారు ఆ పార్టీ పక్షమున సోంపేటనుండి మదరాసు శాసనసభకు ఎన్నికైరి. 375 స్థానములు గల ఆ సభయందు కాంగ్రెసునకు 152 మాత్రమే దక్కగా రాజాజీ ఇతరుల తోడ్పాటుతో మంత్రివర్గము నిర్మించిరి. పదునైదుగురు సభ్యుల కృషికార్ లోక్ పార్టీ అట్టి సభయందు త్రాసుముల్లు వంటిది. చిన్నపక్షమున నుండు గ్రామీణ సభ్యునికి ఒక్కొకప్పుడు పెద్దపక్షపు మంత్రికి లేని బలము చేకూరుట ఇట్లే.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించెను. రాజధాని కర్నూలు. సోంపేట సభ్యునికి ప్రయాణపు దిక్కు మాఱెనే గాని దూరము తగ్గలేదు. కచేరీలకు భవనములు చాలక గుడారములు వేసిన కాలమది. సభ్యులు 140 మంది. ఎనుబది యేండ్లు దాటిన ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. మద్యనిషేధము నిలుపవలెనా, మానవలెనా యని విచారించుటకు విశ్రాంత ఐ.సి.యస్. ఉద్యోగి యస్.వి. రామమూర్తిగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. నిషేధము ఫలింపలేదు, ఎత్తివేయుట మేలని ఆ సంఘము సలహా యిచ్చెను. ప్రభుత్వము మాత్రము కదలలేదు. కాంగ్రెసు వారికది గాంధీజీ నాటి ప్రతిజ్ఞ. పైగా, దానిని వదలుకొన్న మొదటి రాష్ట్రమను పేరు క్రొత్తగా పుట్టిన ఆంధ్రకు రాగూడదని అనుకొనువారును ఉండిరి.

అప్పుడు లచ్చన్నగారు కల్లుగీత కార్మికుల సత్యాగ్రహమునకు నాయకులైరి. ఇందులో గమనింపదగిన విశేష మొకటి కలదు. ఉప్పు సత్యాగ్రహమున గాంధీజీ నేర్పిన విద్యనే, గాంధీజీ కోరిన చట్టముమీద ప్రయోగించుట జరిగెను. బహిరంగముగా చెట్టెక్కుట, చట్టమును తెలిసి ఉల్లంఘించుట, చెఱసాలకు నడచుట. ఉప్పు సముద్రముదైనట్లే రసము చెట్టుది; రెండింటిని చేతితో తీయుటయే నేరము. ఈ పోలిక ఆనాడు కొందఱికి దైవద్రోహము వలె తోచియుండవచ్చును. మాకు మాత్రము ఇది సహజముగనే కనబడుచున్నది. ఆయన కల్లు త్రాగుట మంచిదని వాదింపలేదు. ఆయన వాదము పనిని గూర్చినది. ఒక వృత్తిని చట్టము ఒక్క దినమున మూసివేసినచో, ఆ వృత్తిమీద బ్రతుకువారికి మఱునాటి అన్నము ఎవరు పెట్టవలెనని అడిగిరి. దీనికి ఆనాటి ప్రభుత్వమునొద్ద సున్నపుముంత తప్ప వేఱు సమాధానము లేకపోయెను.

1954 నవంబరు 6వ తేదీన మంత్రివర్గముమీది అవిశ్వాస తీర్మానము ఓటునకు వచ్చెను. కమ్యూనిస్టులు, కృషికార్ లోక్ పార్టీవారు మున్నగు ప్రతిపక్షీయులు ఒక్కటైరి. తీర్మానమునకు అనుకూలముగా 69, ప్రతికూలముగా 68. ఒక్క ఓటు! పదమూడు నెలలు నిండిన తొలి ఆంధ్రమంత్రివర్గము కూలిపోయెను. రాష్ట్రపతి పాలన వచ్చెను.

తాటిచెట్టు ఎక్కువాని మాటపై ఒక ప్రభుత్వము పడిపోవుట మన దేశచరిత్రలో అరుదైన సంగతి. కాని పడిపోయినది ఎవరి ప్రభుత్వమో మఱవరాదు. జమీందారీ రైతుకు హక్కున్నదని కాగితముపై వ్రాసిన ప్రకాశంగారిది. ఉద్దానపు రైతులు మ్రొక్కవలసిన పెద్దమనిషిని, ఉద్దానపు ప్రతినిధియే దింపవలసివచ్చెను. ముసలితనమున పంతులుగారికి కలిగిన ఈ యవమానమును గూర్చి తెలుగువారు చాలకాలము బాధతో చెప్పుకొనిరి. లచ్చన్నగారిని కృతఘ్నుడనినవారును లేకపోలేదు. మా యభిప్రాయమున అది సరికాదు. సభ్యుని ఓటు వ్యక్తిగతమైన ఋణము తీర్చుకొనుటకు ఇచ్చినది కాదు. అట్లని ఆ దినము ఎవరికైనను సంతోషము కలిగింపదగినదని చెప్పుటకు మాకు నోరు రాదు.

ఇంతకంటె కష్టమైన ప్రశ్న తరువాత వచ్చును. 1955 ఫిబ్రవరి ఎన్నికలలో కమ్యూనిస్టులను ఎదుర్కొనుటకు కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశంగారి ప్రజాపార్టీ ఒక్క కూటమిగా నిలిచినవి. మూడు నెలల క్రిందట ఒకరి నొకరు కూలద్రోసికొన్నవారే! కూటమి ఘనవిజయము పొందెను. కమ్యూనిస్టులు 15 స్థానములకు దిగిరి. బెజవాడ గోపాలరెడ్డిగారి మంత్రివర్గమునందు లచ్చన్నగారు మంత్రియైరి. మఱి మద్యనిషేధమో? అది వెంటనే రద్దు కాలేదు. ఆంధ్రప్రాంతపు జిల్లాలలో 1960ల చివఱివఱకు ఏదో యొక రూపమున కొనసాగుచునే యుండెను. సభయందు ఒక్క ఓటుతో ప్రభుత్వమును దింపగలిగిన సభ్యుడు, మంత్రి కుర్చీనుండి ఆ చట్టమును దింపలేకపోయిరి. వారి జీవితమున మమ్ము ఎక్కువగా ఆలోచింపజేసినది ఇదియే. ప్రతిపక్షపు బల్లపై కూర్చున్న చిన్నపార్టీ సభ్యునికి తన ఓటు తనచేత నుండును. మంత్రియైన పిదప అది మంత్రివర్గముది.

ఏమైనను వారు ఆ కుర్చీని ఎక్కువకాలము పట్టుకొని వ్రేలాడలేదు. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు సహకార వ్యవసాయమును తీర్మానింపగా, రైతు భూమి రైతుకు కాకుండ పోవునని భయపడినవారు ఆ సంవత్సరముననే స్వతంత్రపార్టీని స్థాపించిరి. రంగాగారు దాని అధ్యక్షులు. లచ్చన్నగారు ఆంధ్రప్రదేశ్‌లో దానికి ముఖ్యనాయకులైరి. ఆ పార్టీకి ప్రాణము పోసిన పెద్ద ఎవరనుకొన్నారు? సేలములో మద్యనిషేధమునకు శ్రీకారము చుట్టిన రాజాజీయే. జమీందారులతో పోరాడిన సర్దారు ప్రక్కన ఆ పార్టీలో సంస్థానాధీశులును కూర్చుండిరి. చరిత్ర కొన్ని సమయములలో హాస్యప్రియురాలు. అయినను లచ్చన్నగారి దృష్టిలో విషయము సులభమైనదే కావచ్చును: చెట్టు గీచువాని చేతి పనిని, దున్నువాని చేతి భూమిని సర్కారు తీసికొనరాదు.

1962లో, 1967లో సోంపేట వారినే పంపెను. 1967 ఎన్నికలలో స్వతంత్రపార్టీ 29 స్థానములతో రాష్ట్ర శాసనసభయందు ప్రధాన ప్రతిపక్షమయ్యెను. ఆ యేడే జరిగిన యొక సంగతి చెప్పక తప్పదు. లచ్చన్నగారు సోంపేట శాసనసభాస్థానముతో బాటు శ్రీకాకుళము లోక్‌సభ స్థానమును గూడ గెలిచిరి. ఆ యెన్నికలలోనే రంగాగారు ఓడిపోయిరి. లచ్చన్నగారు లోక్‌సభ స్థానమును వదలుకొని, ఉపఎన్నికలో గురువును శ్రీకాకుళమునుండి గెలిపించి ఢిల్లీకి పంపిరి. ఎక్కడి గుంటూరు జిల్లా నిడుబ్రోలు, ఎక్కడి శ్రీకాకుళము! దీనిని గురుదక్షిణ యని అందఱు కొనియాడిరి. అది నిజమే. అయితే ఢిల్లీని వదలి సోంపేటను ఉంచుకొనుటయందు మఱియొక అర్థము గూడ కలదని మాకు తోచును. కల్లు, భూమి, అడవి, నీరు, వారు పట్టించుకొన్న విషయము లన్నియు రాష్ట్రశాసనసభలో తేలవలసినవే.

తరువాతి చరిత్ర పాఠకులలో పెక్కురకు తెలిసినదే. 1972లో సోంపేట కాంగ్రెసు పాలయ్యెను. సభలో స్థానము లేకున్నను ఆ యేటి చివఱను, 1973లోను చెలరేగిన జై ఆంధ్ర ఉద్యమమున లచ్చన్నగారు ముందునిలిచిరి. అత్యవసర పరిస్థితి కాలమున మఱల చెఱసాల చూచిరి. తెల్లదొరల నాడు మొదలైన జైలుయాత్ర స్వదేశ ప్రభుత్వముల క్రిందను ముగియలేదు. 1978లో జనతాపార్టీ పక్షమున సోంపేటనుండి తిరిగి ఎన్నికై ప్రతిపక్ష నాయకులైరి. వెనుకబడిన తరగతుల హక్కులకై జరిగిన ప్రయత్నములలో వారి గొంతు చివఱివఱకు వినబడుచునే యుండెను.

ఇన్ని పార్టీలు మాఱిన మనిషిని నిలకడలేనివాడని తీర్పు చెప్పుట సులభము. కాంగ్రెసు, కృషికార్, స్వతంత్ర, జనతా, జాబితా పొడుగైనదే. కాని అదే జాబితా ప్రక్కన నియోజకవర్గముల జాబితా వ్రాసి చూడుడు: 1952 సోంపేట, 1955 సోంపేట, 1962 సోంపేట, 1967 సోంపేట, 1978 సోంపేట. జెండాలు వచ్చుచు పోవుచు నుండగా ఓటరు ఎవరికి ఓటు వేయుచుండెనో దీనివలన తెలియుచున్నది.

2006 ఏప్రిలు 19వ తేదీన, తొంబదియేడవ యేట, లచ్చన్నగారు కాలధర్మము నొందిరి. రెండేండ్లకు నియోజకవర్గముల పునర్విభజన అమలులోనికి వచ్చెను. 2009 ఎన్నికలనుండి సోంపేట పేరుతో శాసనసభాస్థానము లేదు. పలాస పేరుతో క్రొత్త నియోజకవర్గ మేర్పడెను. సోంపేట మండలము, అందలి బారువతో సహా, ఇచ్ఛాపురము నియోజకవర్గమున కలిసిపోయెను.